ఖాళీ ట్యాంకులోంచి నీళ్లు

చిరంజీవి చిన్నికి,


మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో పంపిన గ్రాఫ్ చూశాను. ట్యాంకులో కొలిచిన మట్టం నీలం గీత, నీ సమీకరణం చెప్పింది ఎర్ర గీత. నీలం మీద ఎర్రది అతుక్కుపోయి ఉంది, ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. కింద "మామయ్యా, 99.8!" అని రాసి మూడు మతాబుల బొమ్మలు పెట్టావు. నేనేమో బాగుందన్న ఒక్క ముక్క కూడా అనకుండా "ఇది ఒక్క అడుగు ముందుకేనా, లేక దాని కాళ్ల మీద అదే నడిచిందా?" అని అడిగి ఊరుకున్నాను. రెండు రోజులైంది, నువ్వు పలకలేదు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "పిల్ల ఆరు నెలల కష్టం చూపిస్తే మెచ్చుకోవడానికి నీకు నోరు రాలేదా" అని కడిగేసింది. అక్క తిట్టిందంటే కొంతైనా న్యాయం ఉండి తీరుతుంది. అందుకే తీరిగ్గా కూచుని కాగితం మీద రాస్తున్నాను. నేనడిగిన ప్రశ్న ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు.

ముందు ఆ 99.8 సంగతి, అంటే కొలతలతో నీ సమీకరణం నూటికి ఎంత కలిసిందన్న సంగతి చూద్దాం. పంపు నింపుతూ, అడుగు రంధ్రం ఖాళీ చేస్తూ ఉండే నీ ట్యాంకులో నీటి మట్టాన్ని సెకనుకోసారి కొలుస్తున్నావు. సెకనులో మట్టం ఎంత మారుతుంది? నీ గ్రాఫ్ వాలు చూస్తే మిల్లీమీటరుకు మించేలా లేదు. మొత్తం డేటాలో మట్టం 16 సెంటీమీటర్ల నుంచి 36 దాకా తిరిగింది. అలాంటప్పుడు "ఈ సెకనులో ఎంతుందో వచ్చే సెకనులోనూ అంతే" అని చెప్పేవాడికి కూడా 99.9 పైన వస్తుంది. వాడికి పంపు అక్కర్లేదు, రంధ్రం అక్కర్లేదు, సమీకరణాలను ఏరుతూ పెంచే నీ ప్రోగ్రామ్ వెయ్యి తరాల పరిణామం అసలే అక్కర్లేదు. మే నెలలో రేపెంత ఎండ కాస్తుందంటే ఇవాళ్టంతే అని చెప్పేవాడు ఎన్నడూ పెద్దగా తప్పడు, వాడికి వాతావరణం తెలుసని ఎవరూ అనరు. ఈ ఉత్తరం చదవడం ఆపి, ఆ సోమరిపోతు మోడల్‌కి ఎంత వస్తుందో లెక్కకట్టి చూడు. నీ సమీకరణాన్ని అది దాటినా నేను ఆశ్చర్యపోను.

చిన్నబుచ్చుకోకు. అచ్చయిన పేపర్లలోనే ఈ పని జరుగుతుంది. బాక్స్, జెంకిన్స్ తమ 1970 పుస్తకంలో ఇచ్చిన గ్యాస్ ఫర్నేస్ డేటా నీకు తెలుసుగా, తొమ్మిది సెకన్లకొకటి చొప్పున 296 జతల కొలతలు. కొత్త పద్ధతి కనిపెట్టినవాళ్లలో చాలామంది దాని మీదే బలం చూపిస్తారు. తరచు చూపించేది ఒక్క అడుగు ముందు జోస్యమే, ప్రతి అడుగులోనూ అసలు కొలతను మళ్లీ చేతికి అందిస్తారు. చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఎవరైనా నడుస్తారు. నువ్వు చేయాల్సింది వేరే. మొదటి కొలత ఒక్కటే ఇవ్వు. పంపు ఎప్పుడెంత తిరిగిందో చెప్పు. ఇక ట్యాంకు వైపు తొంగిచూడనివ్వకుండా పది నిమిషాలు వదిలెయ్. తన జవాబునే తనకు తర్వాతి ప్రశ్నగా తీసుకుంటూ పోవాలి, అదే స్వంత నడక. అప్పుడు ఎర్ర గీత నీలం గీతతోపాటు ఉంటే, నేనే మతాబులు కొనిస్తాను.

ఇప్పుడు నీ సమీకరణం. గ్రాఫ్ కింద చిన్న అక్షరాల్లో పెట్టావు, కళ్లజోడు తుడుచుకుని చదివాను. పదమూడు పదాలు. గుణకారాలు, రెండు భాగహారాలు, ఎక్కడో లోపలి గదిలో ఒక సైన్. నీళ్ల ట్యాంకులో సైన్ ఎందుకొచ్చిందమ్మా? రావాల్సిన వర్గమూలం మాత్రం ఎక్కడా లేదు.

అడుగున రంధ్రమున్న తొట్టిలోంచి నీళ్లు బయటపడే వేగం మట్టం వర్గమూలాన్ని బట్టి ఉంటుందని పదిహేడో శతాబ్దంలోనే టోరిచెల్లి చెప్పాడు. మట్టం నాలుగో వంతుకు పడిపోతే ధార సగమవుతుంది. అరేఖీయం అంటే ఏదో భూతమని భయపడే పిల్లలకు నేను ముందు చూపించేది ఈ తొట్టినే. సగం నీళ్లు తీసేస్తే ధార సగం కావాలనుకుంటాం. కాదు, నూటికి 71 వంతులు మిగులుతుంది.

మరి నీ ప్రోగ్రామ్‌కి వర్గమూలం ఎందుకు దొరకలేదు? నువ్వు ఇచ్చిన మేర చూడు: 16 నుంచి 36. నా అదృష్టం కొద్దీ రెండూ వర్గసంఖ్యలే. 16కి వర్గమూలం 4, 36కి 6. ఈ రెంటినీ కలుపుతూ ఒక సరళరేఖ గీస్తే అది మట్టాన్ని 0.1తో గుణించి 2.4 కలిపితే వస్తుంది. మధ్యలో 25 దగ్గర చూడు. అసలు వర్గమూలం 5, మన గీత చెప్పేది 4.9. తేడా నూటికి రెండు, అంతకన్నా ఎక్కువ తేడా ఆ మేరలో మరెక్కడా లేదు. సెన్సర్ వణుకులోనే ఆ రెండూ కలిసిపోతాయి. కూడిక, గుణకారంతో పని జరిగిపోతుంటే పరిణామానికి వర్గమూలాన్ని వెతుక్కోవాల్సిన అవసరం ఏముంది? మిగిలిన ఆ రెండు శాతాన్ని కప్పడానికి సైన్ ముక్కొకటి తగిలించింది, అంతే.

అదే గీతను మట్టం 1 దగ్గరికి తీసుకురా. అసలు విలువ 1, గీత చెప్పేది 2.5. ఇక సున్నా దగ్గర 2.4. అంటే ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా నీ మోడల్‌లో నీళ్లు ధారాళంగా పోతూనే ఉంటాయి. మన మున్సిపాలిటీకి అలాంటి ట్యాంకొకటి ఉంటే బాగుండేది.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఉంది. మీ తాతయ్య కోతలకు ముందు చేలో దిగి విత్తనానికి వరి వెన్నులు ఏరేవాడు. గింజ బరువు చూసి ఏరితే నాలుగైదు పంటల్లో గింజ బరువు పెరుగుతుంది. పశువులకు గడ్డి కూడా కావాలన్న సంగతి పైరుకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఏరే చెయ్యి ఏది చూస్తుందో అదే పెరుగుతుంది. నీ ప్రోగ్రామ్‌లో ఫిట్‌నెస్ అని నువ్వు రాసిన ఆ రెండు లైన్లే ఏరే చెయ్యి. వాటికి నువ్వు ఎంతసేపు వెచ్చించావో గుర్తుచేసుకో. పాపులేషన్ ఎంత ఉండాలి, రెండు సమీకరణాలు ముక్కలు మార్చుకునే క్రాసోవర్ 0.8 ఉండాలా 0.9 ఉండాలా అని మూడు నెలలు తిప్పలు పడ్డావు. ఫిట్‌నెస్ మాత్రం ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్‌లో ఉన్నది ఉన్నట్టు వాడావు. కాదంటావా?

నేను చేసిన తప్పు ఇంతకన్నా పెద్దది. పాతికేళ్ల కిందట ఒక రసాయన కర్మాగారంలో పనిచేసేవాణ్ణి. అక్కడ ఆమ్లం కలిసిన మురుగునీళ్లు ఒక తొట్టిలోకి వస్తాయి. సున్నపు నీళ్లు కలిపి పీహెచ్‌ను ఏడు దగ్గరికి తెచ్చి బయటికి వదలాలి. పీహెచ్ మహా పెంకిది. ఒక అంకె మారిందంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారినట్టు. మూడు దగ్గర బకెట్లు బకెట్లు సున్నం పోసినా కదలదు, ఏడు దగ్గరికొచ్చేసరికి చెంచాడు ఎక్కువైతే పదికి గెంతుతుంది. అప్పటికి కోజా రాసిన జెనెటిక్ ప్రోగ్రామింగ్ పుస్తకం కొత్తగా చదివాను. అది 1992లో వచ్చింది, మా ఊరికి చేరేసరికి ఆలస్యమైంది. మూడు నెలల రికార్డర్ చార్టులు కూచోబెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. రాత్రంతా నడిపాను. పొద్దున్న ముచ్చటైన సమీకరణం వచ్చింది, నాలుగే పదాలు, లోపం చాలా తక్కువ. ఒకటే చిక్కు. ఆమ్లం ప్రవాహం పెరిగితే పీహెచ్ కాస్త పెరుగుతుందని అది చెబుతోంది.

నేను ఏం చేశానో తెలుసా? ఇందులో ఏదో గూఢమైన రసాయనం ఉందనుకున్నాను. రెండు రోజులు పుస్తకాలు తిరగేశాను. మూడో రోజు నైట్ షిఫ్ట్‌లో టీ తాగుతూ ఆపరేటర్‌కి చెప్పాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు. "ఏటి సార్, ఆమ్లం పంపు శబ్దం మారితే సున్నం వాల్వు తిప్పుతున్నది నేను కదా!" అన్నాడు. చెవితో విని, పీహెచ్ పడకముందే ఒక చుట్టు ఎక్కువ తిప్పేవాడు. ఆ వాల్వు ఎంత తెరిచి ఉందో రికార్డర్‌లో ఎక్కడా లేదు. నా మోడల్ తొట్టిని నేర్చుకోలేదు, ఆయన చేతిని నేర్చుకుంది. పైగా చాలా బాగా నేర్చుకుంది.

తర్వాత వారం పైవాళ్ల అనుమతి తీసుకుని, నీళ్లు బయటికి పోకుండా పక్క తొట్టికి మళ్లించి, ఆయన్ని చేతులు కట్టుకుని కూర్చోమని బతిమాలి, వాల్వును మెట్లు మెట్లుగా తిప్పుతూ నాలుగు గంటల డేటా తీశాను. మూడు నెలల చార్టులు చెప్పనిది ఆ నాలుగు గంటలు చెప్పాయి.

కాబట్టి డేటా ఎక్కడి నుంచి వచ్చిందో, కొలుస్తున్నప్పుడు ఎవరి చెయ్యి దేని మీద ఉందో ముందు తెలుసుకో. మీ ల్యాబ్‌లో కంట్రోలర్ ఆన్‌లో ఉంచి తీసిన డేటా అయితే దాన్ని పక్కన పెట్టెయ్. మట్టాన్ని కదలకుండా ఉంచడమే కంట్రోలర్ పని, కదలనిదాన్ని చూసి నడక ఎలా నేర్చుకుంటారు?

ఇంకొకటి. పంపుకి నువ్వు రెండే స్థాయిలు ఇచ్చావు, ఎక్కువ, తక్కువ, వాటి మధ్య యాదృచ్ఛికంగా మారుస్తూ. ఆ అలవాటు లీనియర్ సిస్టమ్స్ పాఠం నుంచి వచ్చింది, అక్కడ అది మంచిదే. ఇక్కడ కొంప ముంచుతుంది. ఇన్‌పుట్ ఎప్పుడూ +1, -1 మాత్రమే అయితే దాని వర్గం ఎప్పుడూ 1. వర్గం ఉందో లేదో డేటాలో ఆనవాలే ఉండదు. ఏ రెండు విలువలు తీసుకున్నా అంతే, రెండు బిందువుల మీదుగా పోయే వంపునీ సరళరేఖనీ వేరు చేయలేం. ఎంత గొప్ప పరిణామమైనా లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? ఐదారు స్థాయిలు ఇవ్వు. ట్యాంకును అంచుదాకా నింపు, అడుగుదాకా దింపు.

ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు. "ట్యాంకు సూత్రం టోరిచెల్లి ఎప్పుడో చెప్పేస్తే, మరి పరిణామ పద్ధతులు నాకెందుకు?" అని. నిజం చెప్పాలంటే ఈ ట్యాంకుకి అక్కర్లేదు. సమీకరణం రూపం తెలిస్తే రెండు మూడు స్థిరాంకాలు లీస్ట్ స్క్వేర్స్‌తో అరక్షణంలో వస్తాయి. కానీ తెలిసిన జవాబు మీద పనిముట్టును పరీక్షించడంలో చిన్నతనమేమీ లేదు. 1964లో బెర్లిన్‌లో రెచెన్‌బెర్గ్ చేసిందీ అదే. ఐదు కీళ్లున్న పలకను గాలి సొరంగంలో పెట్టాడు. ఒక్కో కీలుకు 51 కోణాలు, మొత్తం 34 కోట్ల 50 లక్షల పైచిలుకు ఆకారాలు. చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా కోణాలు మారుస్తూ, గాలి నిరోధం తగ్గితే ఉంచుకుంటూ, లేకపోతే వెనక్కి తిప్పుతూ పోయాడు. వంకరటింకర పలక చివరికి దాదాపు చదునుగా అయింది. చదునైన పలకకే నిరోధం తక్కువని ముందే తెలుసు. తెలిసిన చోటికి చేరింది కాబట్టే తెలియని చోటికి పంపగలిగారు, ఆ తర్వాత ష్వెఫెల్ ఎవరూ ఊహించని నాజిల్ ఆకారాలు రాబట్టాడు.

నువ్వూ ఆ వరసలోనే పో. ముందు కంప్యూటర్‌లోనే వర్గమూలం పెట్టి దొంగ డేటా తయారుచెయ్. నీ ప్రోగ్రామ్ దాన్ని బయటికి తీస్తుందా? తీస్తే కొంచెం వణుకు కలుపు. అప్పుడూ తీస్తే అసలు ట్యాంకుకి రా. పరిణామానికి పూర్తి పనిచెప్పాల్సింది రూపమే తెలియని చోట: పులియబెట్టే తొట్టిలో సూక్ష్మజీవుల పెరుగుదల, బ్యాటరీ వయసు, కీళ్లల్లో రాపిడి. వాటికి పుస్తకంలో సిద్ధంగా సమీకరణం దొరకదు. దొరికినా నీ యంత్రానికి సరిపోదు.

ఒక్క విషయంలో మాత్రం పరిణామాన్ని నమ్మకు. స్థిరాంకాలు వెతకడం దానికి చేతకాదు. 0.387 అనే అంకె కావాలంటే పాపం ఒకటిని మూడుతో భాగించి, దానికి ఇంకేదో కూడి, సమీకరణాన్ని రాసుకునే చెట్టు నిండా కొమ్మలు వేసుకుంటుంది. ఆకారం దాన్ని వెతకనియ్, ప్రతి ఆకారంలోనూ అంకెలు లీస్ట్ స్క్వేర్స్‌తో నువ్వు కుదుర్చు. నీ పదమూడు పదాల్లో సగం దాంతోనే రాలిపోతాయి.

ఫిట్‌నెస్‌లో ఒక్క అడుగు జోస్యం తీసేసి స్వంత నడకే పెట్టేస్తే సరిపోతుందా అంటే, నీ ట్యాంకుకి సరిపోతుంది. అన్నిటికీ కాదు. 1961లో లోరెంజ్ తన వాతావరణ లెక్కను మధ్యలోంచి మళ్లీ నడుపుతూ 0.506127 బదులు ముద్రించిన కాగితంలో ఉన్న 0.506 కొట్టాడు. కాసేపటికి రెండు వాతావరణాలకూ సంబంధమే లేకుండా పోయింది. సమీకరణం అదే, అక్షరం మారలేదు. అలాంటి కల్లోల వ్యవస్థ మీద పనిచేసే రోజు వస్తే, పొడుగాటి స్వంత నడకతో పరీక్ష పెడితే అసలైన సమీకరణం కూడా ఫెయిలవుతుంది. నువ్వు దాన్నే చెత్తబుట్టలో వేస్తావు. రాబర్ట్ మే 1976లో ప్రచారంలోకి తెచ్చిన ఆ చిన్న జనాభా సూత్రం ఉంది కదా, గుణకం 4 పెట్టి నడుపు. చిన్న తేడా సగటున అడుగడుగుకీ రెట్టింపవుతుంది. పది లక్షల్లో ఒక వంతు తప్పు ఇరవై అడుగుల్లో మొత్తాన్నీ మింగేస్తుంది. అక్కడ చిన్న చిన్న తునకలుగా నడిపించి, ప్రతి తునక మొదట్లో అసలు కొలత ఇచ్చి చూడాలి.

"అదంతా ఎందుకు, మార్పు రేటునే నేరుగా పోల్చేస్తే పోలా" అని నీకు ఎవరో ఒకరు చెబుతారు. చెప్పినవాళ్లను ఒక లెక్క చెయ్యమను. సెన్సర్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ వణుకుతుంది. సెకనులో పదో వంతుకు ఒక కొలత తీసి, పక్క కొలతను తీసివేసి భాగిస్తే, వణుకు ఒక్కటే సెకనుకు 20 మిల్లీమీటర్ల దాకా అబద్ధం చెబుతుంది. నీ నీళ్లు నిజంగా కదిలేది ఒక మిల్లీమీటరు. ముందు నునుపు చేసుకోకుండా మార్పు రేటు జోలికి పోవద్దు.

కార్నెల్‌లో ష్మిట్, లిప్సన్ 2009లో సైన్స్ పత్రికలో అచ్చు వేసిన పేపర్ నువ్వు చదివే ఉంటావు. ఒక లోలకం చివర ఇంకో లోలకం కట్టి, కెమెరాతో కదలికలు పట్టుకుని, శక్తి నిత్యత్వ సూత్రాన్ని డేటాలోంచే వెలికి తీశామన్నారు. పత్రికలన్నీ దాని గొప్పతనమే చెబుతాయి, నాకు నచ్చింది మాత్రం వాళ్ల అవస్థ. "మారకుండా ఉండేది వెతుకు" అని చెబితే ప్రోగ్రామ్ తెలివిగా సైన్ వర్గం, కొసైన్ వర్గం కూడి ఇదిగో ఒకటి, ఎప్పటికీ మారదు అని ఇవ్వగలదు. నిజమే, మారదు! లోలకంతో దానికేం పని? చివరికి వాళ్లు ప్రశ్న మార్చారు. ఒక చలరాశి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో సరిగ్గా చెప్పగలిగిన సూత్రానికే మార్కులన్నారు. అప్పుడు దారికొచ్చింది. ఆ ప్రశ్నలోనే భౌతికశాస్త్రాన్ని చాటుగా దాచిపెట్టారని తర్వాత విమర్శ కూడా వచ్చింది. నా మటుకు నాకు అది విమర్శలా అనిపించలేదు. ప్రశ్నలో నువ్వు పెట్టేదే పద్ధతికి ప్రాణం. ఇంకో సంగతి, ఒంటి లోలకంలో దొరికిన ముక్కలను మొదటి తరంలో విత్తనంగా వేస్తే జంట లోలకం లెక్క చాలా తొందరగా తేలింది. అంటే తెలిసినదాన్ని దాచుకోనక్కర్లేదు. నీ మొదటి తరంలో వర్గమూలం ఉన్న నాలుగు చెట్లు కలిపెయ్. ఎవరైనా మోసం అంటే నా పేరు చెప్పు.

మిగతావి గబగబా చెప్పేస్తాను, మీ అత్తయ్య భోజనానికి రెండుసార్లు పిలిచింది.

సున్నాతో భాగిస్తే 1 అనుకో, రుణసంఖ్యకు గుర్తు తీసేసి వర్గమూలం చెయ్ అని నీ కోడ్‌లో కాపలా పెట్టి ఉంటారు. ప్రోగ్రామ్ ఆగిపోకుండా ఉండటానికి అది పనికొస్తుంది. కానీ మోడల్‌లో మట్టం సున్నా కిందికి జారితే, ఆ కాపలా వల్ల నీళ్లు ఇంకా పోతూనే ఉంటాయి. ఆ కేసు విడిగా చూడు.

సమీకరణం పొడవును లోపంతో కలిపి ఒకే మార్కుగా చెయ్యొద్దు. రెండూ వేరు వేరు కోరికలు, వేరుగానే ఉంచు. కాన్పూర్ ఐఐటీలో కళ్యాణ్‌మయ్ దేబ్, ఆయన విద్యార్థులు 2002లో అచ్చు వేసిన ఎన్‌ఎస్‌జీఏ-2 సరిగ్గా ఇలాంటి బేరానికే. మూడు పదాలతో ఎంత లోపం, ఐదుతో ఎంత, పదమూడుతో ఎంత అని వరసగా కనిపిస్తుంది. ఐదు దాటాక లోపం తగ్గడం ఆగిపోతే అక్కడ ఆగు. పదమూడో పదం సెన్సర్ వణుకును బట్టీ పడుతోందని అర్థం.

అందరికన్నా మంచి చెట్టును తరవాతి తరానికి చెక్కుచెదరకుండా పంపడం అంటుమామిడి లాంటిది. టెంక పాతితే ఏ రుచి వస్తుందో తెలియదు, అంటు కడితే అదే బంగినపల్లి. ఒకటో రెండో కట్టు. తోటంతా ఒకే అంటుతో నింపితే ఇరవై తరాలకల్లా పాపులేషన్ మొత్తం ఒకే ముఖంతో కనిపిస్తుంది, ఇక ముందుకు కదలదు.

ఒక్కసారి నడిపి వచ్చినదాన్ని సమీకరణమని ఎప్పుడూ అనకు. యాదృచ్ఛిక బీజం మార్చి ముప్పైసార్లు నడుపు. ఏ పదం మళ్లీ మళ్లీ వస్తోందో చూడు. వర్గమూలం ముప్పైలో ఇరవై ఐదుసార్లు వచ్చి, సైన్ ఒక్కసారి వస్తే, ఎవరు ఇంటివాళ్లో ఎవరు చుట్టపుచూపుగా వచ్చారో నీకే తెలుస్తుంది.

పరీక్షకు వచ్చే పెద్దమనిషి తప్పకుండా "ఇంత ఆర్భాటం లేకుండా చెయ్యలేమా" అని అడుగుతాడు. కాబట్టి బ్రంటన్, ప్రాక్టర్, కుట్జ్ 2016లో చెప్పిన సిండీ పద్ధతిని కూడా అదే డేటా మీద నడిపి పక్కన పెట్టు. ముందే రాసిచ్చిన పదాల జాబితాలోంచి అవసరమైనవి మాత్రం మిగుల్చుకుంటుంది, నిమిషంలో అయిపోతుంది. నీ ట్యాంకు మీద అది నీ పరిణామాన్ని ఓడిస్తే థీసిస్‌లో ఓడించిందనే రాయి. మా కాలంలో ఓడిన ఫలితాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాళ్లం, నేనూ పెట్టుకున్నాను. తర్వాత అదే దారిలో ఇంకొకడు వచ్చి రెండేళ్లు పోగొట్టుకున్నాడు.

గైడ్‌గారు తొందర పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఆయనకు 99.8 ఎలాగూ నచ్చుతుంది. చూపించు, ఫరవాలేదు. ఆ పక్కనే స్వంత నడక గ్రాఫ్ కూడా పెట్టు, అది ఎంత ఘోరంగా ఉన్నా సరే. ఆయన పాతకాలం కంట్రోల్ మనిషైతే మొదటి గ్రాఫ్ వైపు కన్నెత్తి కూడా చూడరు.

శుక్రవారం ల్యాబ్‌కి వెళ్తావు కదా. అందరూ వెళ్లిపోయాక ట్యాంకును అంచుదాకా నింపి, పంపు ఆపేసి, పక్కన స్టూలు వేసుకుని కూర్చో. చివరి చుక్క పడేదాకా కొలతలు తీసి, ఆ ఫైలు నాకు పంపు. రెండు గ్రాఫులూ ఇద్దరం కలిసి చూద్దాం.

మీ అమ్మకు నేను ఉత్తరం రాశానని చెప్పు.

మీ మామయ్య